మే నెలలో ఆంధ్రా, తెలంగాణ తిరగాలంటే: మీరు వెళ్ళేది కూలర్ ఊరా, ఏసీ ఊరా?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరులో ఉన్న తమ్ముడు, డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు, పూణే ఫ్రెండు, అందరిదీ ఒకటే ప్రశ్న, "మేలో పెళ్లికి వస్తున్నాం, పనిలో పనిగా పిల్లల్ని తిరుపతి, అరకు, శ్రీశైలం తిప్పుదామనుకుంటున్నాం, ఎండలు మరీ అంతుంటాయా?" అని. ఉంటాయి. పంచాంగం ప్రకారం వైశాఖం ఇంకా వసంత ఋతువే, మామిడి పూత, కోయిల పాట అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, కానీ పూత ఎప్పుడో అయిపోయి పళ్ళు బుట్టల్లోకి ఎక్కేసుంటాయి, కోయిల కూడా పొద్దున్నే నాలుగు కూతలు కూసి నీడ వెతుక్కుంటుంది.

అలాగని రావద్దని చెప్పను. ముహూర్తాలు అప్పుడే, బళ్ళకి ఏప్రిల్ ఆఖరి నుంచి జూన్ 12 దాకా సెలవులు అప్పుడే, బంగినపల్లి, రసాలు తినాలన్నా అప్పుడే. రాకుండా ఎలా ఉంటారు. కాకపోతే ఏ ఊళ్ళో ఎలాంటి ఎండ ఉంటుందో తెలుసుకుని వస్తే సగం బాధ తప్పుతుంది, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఎండ ఒక రకం కాదు.

ముందు ఒక మాట. ఫోన్లో కనపడే టెంపరేచర్ నంబర్ ఒక్కటి చూసి ప్లాన్ వేసుకోకండి. మాది ఖమ్మం, అత్తగారిది కాకినాడ. పెళ్లైన మొదటి ఏడాది మే మూడోవారంలో మా దగ్గర 44 ఉంది, కాకినాడలో 38 అని చూపిస్తోంది, మా ఆవిడ "చూశారా, మా ఊరు చల్లగా ఉంది, పదండి" అంది. వెళ్ళాం. స్నానం చేసి తువ్వాలుతో తుడుచుకుంటే ఒంటి మీద ఉన్నది నీళ్ళా, అప్పుడే పట్టిన చెమటా అనేది అర్థం కాలేదు. రాత్రి దండెం మీద ఆరేసిన ఆ తువ్వాలు తెల్లారి తీస్తే ఇంకా చెమ్మగానే ఉంది. అదే తువ్వాలు ఖమ్మంలో మధ్యాహ్నం డాబా మీద వేస్తే పావుగంటలో అప్పడంలా బిర్రబిగుసుకుపోతుంది. ఆ తేడాయే మొత్తం కథ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాల్లో అప్పటికే తేమ నిండుగా ఉంటే అది ఆరదు, అందుకని సముద్రం పక్కన 38 ఉన్నా లోపలి జిల్లాల్లో 43 కంటే ఎక్కువ నీరసం వస్తుంది.

కూలర్ పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద, తడి గడ్డిలోంచి పొడిగాలి వస్తే చల్లబడుతుంది, తడిగాలి వస్తే ఏమీ కాదు, పైగా గది బట్టీలా తయారవుతుంది. కాబట్టి నేను ఊళ్ళని కూలర్ ఊళ్ళు, ఏసీ ఊళ్ళు అని విడగొట్టుకుంటా. హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్, కర్నూలు, అనంతపురం కూలర్ ఊళ్ళు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు ఏసీ ఊళ్ళు. విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, మా ఖమ్మం, భద్రాచలం మధ్యలో ఉంటాయి, గాలి పడమటి నుంచి వీచినన్నాళ్ళూ కూలర్ చాలు, తూర్పు తిరిగిందంటే చాలదు. చుట్టాలింట్లో దిగుతున్నారా హోటల్లోనా అనేది ఇది చూసుకుని తేల్చుకోండి. కూలర్ గదిలో పడుకుంటే ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి, ఏసీ అలవాటున్నవాళ్ళు వచ్చీరాగానే తలుపులన్నీ బిగించేసి "ఏంటి కూలర్ అస్సలు పనిచెయ్యట్లేదు" అంటుంటారు.

యాప్‌లో ఇంకో నంబర్ చూడండి, రాత్రి కనిష్ఠం. ఇది 26 దగ్గర ఉంటే తెల్లవారుజామున కాస్త నిద్ర పడుతుంది, 29, 30 అంటే పట్టదు. మేలో హైదరాబాద్ పగలు 39 నుంచి 42 దాకా పోయినా సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి రాత్రి పది దాటాక బతికిపోతాం. విజయవాడలో అదే 41 కి రాత్రి పన్నెండైనా ఫ్యాన్ వేడిగాలే తిప్పుతుంటుంది, కొండలు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి.

ఇక ఒక్కో వైపూ చెప్తా.

ఉత్తర తెలంగాణ, సింగరేణి బెల్టు, అంటే రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం, ఇవి నిప్పుల కుంపట్లు. 44, 45 అనేది అక్కడ పేపర్లో మొదటి పేజీ వార్త కూడా కాదు. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో 40 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి, నేరుగా 45 తగిలితే మామూలుతో పని లేకుండా వడగాలే. ఒకసారి మధ్యాహ్నం రెండింటికి రామగుండం స్టేషన్‌లో దిగా, ప్లాట్‌ఫామ్ మీద ఇనుప బెంచీ మీద చెయ్యి పెట్టి టక్కున తీసేశా, బ్యాగులో స్టీలు బాటిల్ నీళ్ళు టీ పొడి వేస్తే చాలన్నట్టున్నాయి. ఆ గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, అందుకే నీళ్ళు తాగాలని గుర్తు కూడా రాదు, అదే అసలు ప్రమాదం. పొడి ఎండలో దాహం వేసేదాకా ఆగొద్దు.

కోస్తాలో పగటి పూట ఒక మలుపు ఉంటుంది. పదకొండు, పన్నెండు మధ్యలో సముద్రం మీంచి గాలి మొదలైతే విశాఖలో 34, 35 దగ్గర ఆగిపోతుంది, ఉక్కపోసినా ఎండ చురుకు తగ్గుతుంది. కొన్ని రోజులు పడమటి గాలి బలంగా ఉండి ఆ సముద్రపు గాలిని ఒడ్డుకి రానివ్వదు, ఆ రోజు బాపట్ల, మచిలీపట్నం, ఒంగోలు, నెల్లూరు కూడా 43, 44 కి పోతాయి. పల్నాడులో రెంటచింతల పేరు చిన్నప్పటి నుంచీ వార్తల్లో వింటూనే ఉన్నాం కదా, అక్కడైతే సముద్రపు గాలి ఆశే లేదు. విశాఖ బీచ్‌కి సాయంత్రం ఐదు తర్వాతే వెళ్ళండి, పదకొండింటికి ఇసుకలో చెప్పుల్లేకుండా దిగిన పిల్లలు ఏడుస్తూ పరిగెత్తడం ప్రతి ఆదివారం చూస్తాం. ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, గుడ్లు పెట్టే కాలం అని. కాబట్టి విశాఖ వచ్చి తాజా వంజరం కావాలని హోటల్లో గొడవ పెట్టుకోకండి, దొరికేది చాలావరకు చెరువు చేప లేదంటే ఐసులో పెట్టింది.

రాయలసీమలో కర్నూలు, నంద్యాల, కడప గట్టి ఎండలు, బండరాయి నేల. గండికోట ఫోటోల్లో చూసి మధ్యాహ్నం వెళ్తారు చాలామంది, ఆ లోయ అంచున ఒక్క చెట్టు నీడ ఉండదు, కాళ్ళ కింద రాయి, నెత్తిన సూర్యుడు. ముందు రోజు రాత్రికి చేరి సూర్యోదయం చూసి ఎనిమిదికల్లా దిగిపోండి. బెలుం గుహల్లో చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటే, లోపల ఉక్క, చొక్కా పిండుకోవాలి. అనంతపురం నుంచి పడమటికి, దక్షిణానికి పోయేకొద్దీ, హిందూపురం, మదనపల్లి వైపు, నేల ఎత్తు పెరిగి సాయంత్రాలు హాయిగా మారతాయి. మదనపల్లి దగ్గర హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్ల పైమాటే, 19వ శతాబ్దంలో కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్‌లీ ఎండ తట్టుకోలేక బంగళా కట్టుకున్నాడు, అంతకు ముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. నన్నడిగితే మేలో ఎండ నుంచి రెండు రోజులు తప్పించుకోవడానికి అరకు కంటే ఇదే మేలు, గదులు మాత్రం నెల ముందే పట్టుకోవాలి.

తిరుమల సంగతి వేరేగా చెప్పాలి. కొండ మీద కింద తిరుపతి కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువ, రాత్రిళ్ళు బావుంటుంది, కానీ సెలవుల రద్దీ వల్ల కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చోవాలి, అక్కడ చల్లదనం సంగతి మర్చిపోండి. నడిచి ఎక్కేవాళ్ళు అలిపిరిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388, ఏదైనా తెల్లవారుజామునే మొదలెట్టాలి, చిరుతల వల్ల పిల్లలతో వెళ్ళేవాళ్ళకి టైమింగుల ఆంక్షలు పెడుతుంటారు, ముందు కనుక్కోండి. మాడవీధుల్లో చెప్పులుండవు కదా, రాతి నేల మధ్యాహ్నం పెనం. కార్పెట్లు పరుస్తారు, తెల్ల రంగు వేస్తారు, నీళ్ళు చల్లుతారు, ఆ తెల్ల గీత మీదే నడవాలి, ఫోటో కోసం పక్కకి దిగితే గంతులే. మందం సాక్సులు ఒక జత సంచిలో వేసుకోండి, పెద్దవాళ్ళకి బాగా పనికొస్తాయి.

అరకు అంటే అందరూ ఊటీ అనుకుని వస్తారు. 900 మీటర్ల పైన ఉంటుంది, మేలో పగలు 32, 33, రాత్రి 20, 22, అంతే. స్వెట్టర్లు అక్కర్లేదు, పల్చటి దుప్పటి చాలు. లంబసింగి మంచు, మేఘాలు డిసెంబరు సంగతి, మేలో వెళ్ళి వెతక్కండి. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అద్దాల పెట్టె ఎక్కితే దారి మాత్రం అద్భుతం, సొరంగంలోకి దూరిన ప్రతిసారీ పిల్లలు అరుస్తుంటారు. పొద్దున చూడాల్సినవన్నీ చూసెయ్యండి, ఎందుకంటే ఆ కొండల్లో మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములతో వాన చాలా మామూలు, ఘాట్‌లో చీకటి పడకుండా దిగిపోవడం మంచిది.

జలపాతాల ప్లాన్ ఉంటే మానుకోండి. కుంటాల, బొగత, ఎత్తిపోతల, మల్లెల తీర్థం, అన్నీ వానలు పడ్డాక చూడాల్సినవి, మేలో రాళ్ళు, సన్నటి ధార, కోతులు. శ్రీశైలం దర్శనానికైతే సరే, డ్యామ్ గేట్లు ఎత్తడం అవీ ఆగస్టులో మాట. నల్లమల రోడ్డు రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టుల దగ్గర మూసేస్తారు, చల్లగా ఉంటుందని రాత్రి ప్రయాణం పెట్టుకుని గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్ళని చూశా.

ఎండ గురించే మాట్లాడుతున్నా గానీ మేలో చాలామంది ఊహించనిది వాన. టీవీలో "విదర్భ నుంచి తమిళనాడు వరకు ద్రోణి" అని విన్నారంటే ఆ రెండు మూడు రోజులు సాయంత్రాలు జాగ్రత్త. పొద్దున్నుంచి మామూలు కంటే ఉక్కగా ఉంటుంది, మూడింటికి గాలి పూర్తిగా ఆగిపోతుంది, ఆకు కదలదు, పడమట నల్లగా మబ్బు లేస్తుంది, తర్వాత ఒక్కసారి దుమ్ముతో ఈదురుగాలి, కొబ్బరిబొండం సైజు చినుకులు అంటే అతిశయోక్తి గానీ పెద్ద చినుకులు, ఒక్కోచోట వడగళ్ళు, అరగంటలో అంతా అయిపోయి కరెంటు పోతుంది. పది డిగ్రీలు పడిపోయి హాయిగా ఉంటుంది, మామిడి రైతు మాత్రం తోటలో రాలిన కాయలు ఏరుకుంటూ ఉంటాడు. కారులో ఉంటే హోర్డింగుల కింద, చెట్ల కింద ఆపొద్దు. పొలాల దగ్గర ఉంటే తాటిచెట్టు కిందకి అస్సలు పోవద్దు, పిడుగు ముందు దానిమీదే పడుతుంది. ప్రభుత్వ సంస్థ తయారుచేసిన దామిని అనే యాప్ ఉంది, మీ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది, వేసుకోండి. పెళ్లివాళ్ళకి ఒక మాట, రిసెప్షన్ ఓపెన్ లాన్‌లో పెట్టుకుంటే లోపల ఒక హాలు కూడా మాట్లాడుకోండి. మా కజిన్ రిసెప్షన్‌లో ఏడున్నరకి షామియానా లేచి పక్క ఖాళీ స్థలంలో పడింది, మూడొందల మంది డైనింగ్ హాల్లో నిలబడి పెళ్లికొడుకుతో ఫోటో దిగారు.

తుఫాన్లు కూడా మేలో లేకపోలేదు. 1990 మేలో మచిలీపట్నం వైపు వచ్చింది కోస్తా పెద్దవాళ్ళెవరూ మర్చిపోలేదు, 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసని మచిలీపట్నం దాకా వచ్చి బలహీనపడింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే బీచ్ ట్రిప్పు, గోదావరి బోటు పక్కన పెట్టి మిగతావి చూసుకోండి. అది మన తీరం తాకకుండా ఒడిశా, బెంగాల్ వైపు పోతే "గండం గడిచింది" అనుకోకండి, పోతూ పోతూ పడమటి పొడిగాలిని మన మీదకి లాగి రెండు మూడు రోజులు ఎండ మండిస్తుంది.

రోజు ఎలా గడపాలంటే, పల్లెటూళ్ళో ముసలివాళ్ళు చేసేదే చెయ్యండి. నాలుగున్నర, ఐదుకి లేవడం, పదిన్నరకల్లా నీడకి చేరడం, నాలుగు దాటాక మళ్ళీ బయటకి. మధ్యలో ఏం చూడాలి అంటారా, ఏమీ చూడొద్దు, పెరుగన్నంలో మామిడిపండు నంజుకుని పడుకోండి. హోటల్లో పై అంతస్తు, పడమటి గోడ ఉన్న గది ఇస్తే వద్దనండి, రోజంతా కాలిన స్లాబు రాత్రి మీ మీదకి దిగుతుంది, కింద అంతస్తు తూర్పు వైపు గది ఏసీ లేకపోయినా నయం. ఆర్టీసీ బస్సులో సీటు కూడా చూసి తీసుకోవాలి, మధ్యాహ్నం దక్షిణం వైపు, అంటే హైదరాబాద్ నుంచి కర్నూలు దారిలో, వెళ్తుంటే ఎండ కుడివైపు కొడుతుంది కాబట్టి ఎడమ సీటు, తిరుగు ప్రయాణంలో కుడి సీటు. పిల్లలుంటే ఒక సరదా, మే 9 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటిన పది పన్నెండు నిమిషాలకి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన బాటిల్‌కి పక్కన నీడే పడదు. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివర్లోనే అయిపోతుంది, ఆదిలాబాద్‌లో ఇంకో పది రోజుల తర్వాత. రెండు నిమిషాలు చూసి లోపలికి వచ్చెయ్యండి.

తాగడానికి దేవుడి దయ వల్ల మనకి లోటు లేదు. మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరిబొండాం, సీమలో సుగంధి షర్బత్, కోస్తా రోడ్డు పక్క తాటిముంజలు. ముంజ లేతది అడగాలి, వేలు పెడితే లోపల నీరు చిమ్మాలి, ముదిరితే కడుపునొప్పి. చెరుకు రసం తాగండి గానీ ఐసు వద్దని చెప్పండి, ఆ ఐసు ఏ నీళ్ళతో చేసిందో అడిగితే అమ్మేవాడికే తెలియదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకోమని మా అమ్మమ్మ ఇప్పటికీ ఇస్తుంది, పెట్టుకుంటా, కాదంటే బాధపడుతుంది, కానీ దాని బదులు గొడుగు పెట్టుకున్నవాడే తెలివైనవాడు.

వడదెబ్బని తేలిగ్గా తీసుకోవద్దు, 2015 మేలో రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. తలనొప్పి, వాంతి, కాళ్ళు పీకడం దగ్గరే నీడకి చేర్చాలి. మనిషి ఒళ్ళు కాలిపోతూ పిచ్చిగా మాట్లాడినా, తూలినా 108 కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి విసరాలి, చంకల్లో, మెడ మీద చల్లటి గుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. ఆగిన కారులో పిల్లల్ని ఐదు నిమిషాలు కూడా వదలొద్దు, ఇది చెప్పాల్సిన మాట కాదు గానీ గుళ్ళ పార్కింగుల్లో చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా.

తేదీలు మీ చేతిలో ఉంటే కార్తెలు చూసి పెట్టుకోండి. మే 11 దాకా భరణి, తర్వాత కృత్తిక, మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు, కానీ ఆ సామెతకి ఈ మధ్య రుతుపవనాలు అడ్డం పడుతున్నాయి, 2025లో మే 24నే కేరళ తాకి నెలాఖరుకి మన దగ్గరికి వచ్చేశాయి, రోహిణి కార్తెలో గొడుగులు తీశాం. మామూలుగా జూన్ 1 కేరళ, ఆ తర్వాత వారం పది రోజులకి హైదరాబాద్. అయితే అందరికీ ఒకేసారి చల్లబడదు. తెలంగాణ, సీమ మబ్బు పట్టిన జూన్ మొదటి వారంలో కూడా నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు పడమటి గాలికి ఇంకా 40, 41 మండుతూనే ఉంటుంది, అటు పని ఉన్నవాళ్ళు జూన్ కదా అని ధీమాగా వెళ్ళొద్దు. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు మాత్రం జూన్ 8, మృగశిర రోజు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ వైపు కారు తియ్యకండి, చేప ప్రసాదం జనం, రైలుంటే రెండు గంటలు ముందే బయల్దేరండి.